అమావాస్య నాటి పాట

ఆవిరి యంత్రంలోంచి దుప్పటి వేడివేడిగా బయటికి రాగానే ప్రమోద రెండు కొసలు పట్టుకుంది. ఎదురుగా మరియమ్మ మిగతా రెండూ అందుకుంది. విదిలించడం, మడవడం, అరచేత్తో రాసి పక్కన పెట్టడం. మస్కట్‌లోని ఆ హోటల్ లాండ్రీలో రెండేళ్లుగా ఇదే పని. ప్రమోద వేళ్ల చర్మం గరుకెక్కింది గానీ, అంచు ఎక్కడ వంకరపోయిందో చూడకుండానే ఆ వేళ్లకు తెలుస్తుంది. ధర్మవరంలో మేనమామ సుబ్బన్న మగ్గం పక్కన పెరిగిన పిల్ల మరి. తల్లి పోయాక ఆయనే పెంచాడు.

"అమావాస్య ఎప్పుడొస్తాదా అని కాసుకోనుండేదాన్ని నిన్నే చూసినా మ్మే!" అంది మరియమ్మ. ఆమెదీ ఆ జిల్లాలో తనకల్లు ఊరే.

"మా మామ మగ్గం దిగే దినం అదొక్కటే గదక్కా. ఈ పొద్దు మాట్లాడతానన్యాడు."

సుబ్బన్న రోజూ మగ్గంలో కూర్చోగానే ఒక భజన పాట పాడి ఫోన్లో పంపుతాడు. మగ్గం దెబ్బే తాళం. హిందూపురంలో డిగ్రీ చదివిన మూడేళ్లూ ఆ పాటలతోనే ఆమె రైలు ప్రయాణం సాగింది. పెనుకొండ కొండ కనబడేసరికి రెండో పాట మొదలయ్యేది. చుట్టూ జనం ఉన్నా తాళం వేయకుండా వేళ్లు ఊరుకునేవి కావు.

మామ దగ్గర నేర్చిన చెక్కభజనతో ఇప్పుడు జానపద కళల్లో ఎం.ఏ. చేయాలని ఆమె కోరిక. దరఖాస్తు ఫోన్లోనే నింపింది. ఆఖరు తేదీ ఈ రోజే, బుధవారం. ఒక్క గడి మాత్రం ఖాళీగా ఉండిపోయింది: కళను ఎవరి వద్ద అభ్యసించారు? నీ పేరు రాయనా మామా అని పోయిన వారం అడిగితే ఆయన పగలబడి నవ్వాడు.

"చీరలు నేసేవాణ్ణి గురువంటే నవ్విపోరా పాపా? ఉద్యోగం ఇడిసి రావడం గూడా చిన్న మాట గాదు. అమావాస్య రానీ, నిమ్మళంగా మాట్లాడుకుందాం."

పదింటికి టీ విరామం. ఫోన్లో మామ పంపింది కనబడింది. మాటలే ఉంటాయనుకుంది. పాట వచ్చింది. సరే, పాట అయ్యాక చెబుతాడేమోనని తొడ మీద తాళం వేసింది. రెండు చరణాలు దాటాక చేయి ఆగిపోయింది.

పాట వెనకాల మగ్గం మోగుతోంది.

అమావాస్య నాడు ఆ ఇంట్లో మగ్గం తాకరు. మగ్గం గుంట చుట్టూ అలికి, పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి ఊరుకుంటారు. జ్వరంలోనూ నేసే సుబ్బన్న, పెళ్లివాళ్లు వచ్చి బతిమాలినా ఆ రోజు పోగు ముట్టడు.

ఫోన్ చేసింది. అత్త ఓబులమ్మ ఎత్తింది.

"మామ యాడ అత్తా?"

"భజనకు పోయినాడు పాపా. పాట పంపినాడు గదా. అప్లికేషన్ పెట్టినావా?"

"ఈ పొద్దు అమావాస్య. పాటలో మగ్గం మోగుతాండాది."

ఓబులమ్మ ఏడ్చేసింది.

"ఆదివారమే పోయినాడు పాపా. నేస్తా నేస్తా అట్లే ముందుకు వాలిపోయినాడు. చెప్తే అన్నీ పారేసి పరిగెత్తుకొస్తావని, పాత పాటలు నేనే పంపిస్తాంటి. ఇంట్లో మైల, దీపం లేదు. అమావాస్యని మతికే రాలేదు."

సోమవారం ఒక పాట. నిన్న ఒకటి. రెండింటికీ 'బాగుండాది మామా' అని జవాబు పెట్టింది. ఎవరికి పెట్టినట్టు?

"నాకేమన్నా చెప్పమన్యాడా?"

"అమావాస్యకు చెప్తాలే అన్యాడు. అంతే."

ఇంకొక్క మూడు రోజులు. దేవుడికి అంత తొందరేమొచ్చింది? ఆ మాట అనుకున్నందుకే భయమేసి చేతులు జోడించింది. జోడించిన చేతులతో ఏం అడగాలో తెలియలేదు.

"ఏమ్మే, ఏమంటాడు మీ మామ?" అంది మరియమ్మ.

"దుప్పటి పట్టుకోక్కా."

మడిచారు. అంచులు కలవలేదు. మరియమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఆ దుప్పటి విప్పి, తానొక్కతే మళ్లీ మడిచింది.

నాలుగింటికి పని దిగి గదికి వచ్చాక ప్రమోద దరఖాస్తు తెరిచింది. ఖాళీ గడిలో రాసింది: సుబ్బన్న, నేతపని, ధర్మవరం. నవ్వేవాళ్లు నవ్వనీ అనుకుని పంపేసింది.

పెట్టె మీద ఆమె వచ్చేటప్పుడు ఆయన ఇచ్చిన భజన చెక్కలున్నాయి. వాటికి బొటనవేలు దూర్చే ఉంగరం ఆమెకు వదులవుతుందని సుబ్బన్న చుట్టిన ఎర్ర పట్టుదారం ఇంకా ఊడలేదు.