మూట మోసే పుప్పొడి

పుంగనూరు బుజ్జమ్మ కూతురు రమ్యశ్రీకి ఆడపిల్ల పుట్టింది. పేరు మాత్రం తేలలేదు. తన తల్లి బయ్యమ్మ పేరు పెట్టాల్సిందేనని బుజ్జమ్మ పట్టు. మదనపల్లె వియ్యంకుడు కృష్ణప్పకు తన తల్లి నంజమ్మ పేరు తప్ప ఇంకేదీ చెవికెక్కదు.

ఆ తగవు మొక్కజొన్న చేలోకి చేరింది. కుప్పం నుంచి వచ్చే పరిశోధక విద్యార్థిని వసుధ, బుజ్జమ్మ చేలో రెండు సాళ్లు పెంచుతోంది. కంకి పీచుమీద పడ్డ పుప్పొడి రేణువులన్నీ లోపలికి పరుగు తీస్తాయని, ముందు చేరినదే గింజ కడుతుందని చెప్పింది. తను పుప్పొడి తీసిన మొక్కలో కొన్ని రేణువులు మూటలా ఒక క్రోమోజోమ్ ఎక్కువ మోస్తాయట. ఊదారంగు దానిలోనే ఉందట. అది గెలిస్తే ఊదా గింజ, ఓడితే పసుపు గింజ.

బుజ్జమ్మ వెంటనే ఊదా పక్షం చేరింది. సద్దిమూట లేనిదే ఆమె గడప దాటి ఎరగదు మరి.

"మూటలు మోసేవాళ్లకి బస్సు తప్పిపోతాదమ్మా," అన్నాడు కృష్ణప్ప.

ఊదా ఎక్కువైతే బయ్యమ్మ, పసుపు ఎక్కువైతే నంజమ్మ. పందెం కుదిరింది.

మూడో నెలలో పేరు పెట్టే రోజున ఉయ్యాల ఇంట్లోనే ఊగుతోంది, చుట్టాలంతా చేలో ఉన్నారు. వసుధ మొదటి సాలు కంకులు ఒలిచింది. అన్నీ పసుపే. దిష్టిచుక్కలా ఎక్కడో ఒక ఊదా గింజ. కృష్ణప్ప కండువా గిరగిరా తిప్పుతూ గట్టుమీద చిందులేశాడు. ఇంకో సాలుంది కదా అంది బుజ్జమ్మ.

రెండో సాలు ఒలిస్తే ఊదా గింజలు బోలెడన్ని కనిపించాయి. అక్కడ ఎక్కువ క్రోమోజోమ్ ఉన్నది తల్లి మొక్కకని, పరుగు పుప్పొడికే గాని తల్లి వైపు దానికి ఉండదని, అది కంకిలోనే కూర్చుని ఉంటుందని వసుధ చెప్పింది.

బుజ్జమ్మకు ప్రాణం లేచి వచ్చింది. "అంటే అమ్మ తట్టుది పరిగెత్తకుండానే వస్తాది. ఇన్నావా అన్నా? బయ్యమ్మే."

పందెం మొదటి సాలుకేనని కృష్ణప్ప, ఏ సాలో ఎవరూ అనలేదని బుజ్జమ్మ. చుట్టాలు రెండు జట్లుగా చీలి, కంకులు ఊపుతూ అరుచుకుంటున్నారు. ఈ గోలకు రమ్యశ్రీ బిడ్డను ఎత్తుకుని వచ్చింది.

"మేఘనా," అని పిలిచింది. బిడ్డ తల తిప్పి బోసిగా నవ్వింది.

చుట్టాలు కంకులు దించి అటు తిరిగారు.

"పుట్టినప్పట్నుంచీ ఇట్లే పిలుస్తాండాను. మీరు ఈడ పందెం కాస్తా ఉంటే, నన్నెవురైనా అడిగినారా?"

"నేను గెలిచినా ఇదే పేరా?" అంది బుజ్జమ్మ.

"ఇదే."

బుజ్జమ్మకు నవ్వు పొంగుకొచ్చింది. నవ్వీ నవ్వీ సాల్లోనే కూలబడింది. మొహం ముడుచుకున్న కృష్ణప్ప కూడా ఆమెను చూసి ఆపుకోలేక పక్కనే చతికిలబడి, చేతిలోని ఊదా కంకి కొరకబోయాడు.

వసుధ ఒక్క గెంతులో వచ్చి లాక్కుంది. అది పరిశోధన కంకి.