వెళ్తూ కమింగ్

మా ఆసుపత్రిలో నాలుగో అంతస్తు పరాయి దేశాల రోగులకు. అక్కడ పని చేసేవాళ్ళకు ఇంగ్లీషు రావాలని పైవాళ్ళకు తోచింది. నేర్పడానికి ఒకాయన్ని తెచ్చారు. నాటకాలు ఆడిస్తే భాష దానంతటదే వస్తుందట. మేం ఆయనకు డైలాగుల మాస్టారు అని పేరు పెట్టుకున్నాం. గుడ్ మార్నింగ్ అనడానిక్కూడా రెండు చేతులూ చాపి, కళ్ళు పెద్దవి చేసి, ఊపిరి బిగబట్టేవాడు. ఒక్క పలకరింపుకు అంత ఆయాసం ఎందుకో నాకు అంతుపట్టలేదు.

నేను లిఫ్టు నడుపుతాను. నటించడం రాదని ముందే చెప్పాను.

"అయితే రోగివి నువ్వే," అని మంచం మీద పడుకోబెట్టాడు. పదిహేను రోజులు మధ్యాహ్నాలు అలాగే పడుకున్నాను. పడుకున్నవాడికి అందరి గుణాలూ బాగా కనిపిస్తాయి.

మా వదిన ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతుంది. బ్లీచింగు నీళ్ళకు వేళ్ళ సందులు పగిలి, అన్నం చెంచాతో తింటుంది. నాలుగో అంతస్తులో అటెండరు పని దొరికితే ఆ నీళ్ళు తప్పుతాయి. దానికి మాస్టారి పరీక్ష పాసవాలి.

నాటకం చిన్నదే. అటెండరు వస్తుంది, నీళ్ళిస్తుంది, దిండు సర్దుతుంది, "అయామ్ గోయింగ్" అని వెళ్ళిపోతుంది. వదిన సర్దితే దిండు సరిగ్గా మెడ కిందికి వచ్చేది. మాస్టారికి అది పట్టలేదు. ఆమె తలుపు దగ్గర "అయామ్ కమింగ్" అనగానే చప్పట్లు కొట్టి ఆపేవాడు.

"వెళ్తూ కమింగ్ అంటావేంటమ్మా? గోయింగ్!"

"వస్తాననే కదండీ అంటాం."

"అది తెలుగులో."

"ఏ భాషలోనైనా జబ్బుమనిషి జబ్బుమనిషే కదండీ. మంచంలో ఉన్నవాడితో పోతున్నానని ఎలా అంటాను?"

"నటనమ్మా, నటన! వీడికేం జబ్బు? దున్నపోతులా ఉన్నాడు."

"ఆయన మా మరిదండీ," అంది వదిన.

ఇంటికెళ్ళేటప్పుడు నేను, "ఒక్కసారి అనేసెయ్ వదినా, నాకేం కాదులే," అన్నాను.

"అందామనే అనుకుంటానయ్యా. గడప దగ్గరికొచ్చేసరికి నోరు తిరగదు."

పరీక్షనాడు మాస్టారు కొత్త మెలిక పెట్టాడు. నాటకం నిజమైన రోగి గదిలోనట. మోకాలి ఆపరేషనైన పరాయి దేశపు ముసలావిడ ఒకామె సరేనంది. నన్ను మంచం దించి తలుపు పక్కన నిలబెట్టారు. హెడ్ నర్సు కాగితాలతో కూర్చుంది. ముందు నలుగురు వచ్చి చిలకల్లా అప్పజెప్పి పోయారు. ఒకతె గ్లాసును ముసలావిడ చేతికి అందనంత దూరంలో పెట్టి, గుమ్మంలో చెయ్యి ఊపింది. మాస్టారు "బ్యూటిఫుల్!" అన్నాడు.

వదిన గ్లాసు చేతికిచ్చింది. తాగేదాకా ఆగింది. దిండు సర్దింది. గుమ్మం దగ్గర ఆమె పెదవులు రెండుసార్లు ఊరికే కదిలాయి.

"అయామ్ కమింగ్."

మాస్టారు నుదురు కొట్టుకున్నాడు. ముసలావిడ మాత్రం తలెత్తి, "వెన్?" అంది.

ఆ మాట నాటకంలో లేదు. వదిన నా మొహం చూసింది.

"ఎప్పుడొస్తావంటోంది," అన్నాను.

వదిన గోడ గడియారం చూసి, "ఫైవ్," అంది.

మాస్టారు చెప్పినట్టే హెడ్ నర్సు ఫెయిలని రాసింది.

సాయంత్రం డ్యూటీ దిగి వదిన నా లిఫ్టెక్కింది.

"పైకెందుకు? పరీక్ష అయిపోయిందిగా?"

"ఐదింటికొస్తానన్నానుగా."

ముసలావిడ కూర్చుని తలుపు వైపే చూస్తోంది. నర్సులు రెండు రోజులుగా బతిమాలినా మంచం దిగని మనిషి, వదిన భుజం పట్టుకుని కిటికీ దాకా నడిచింది. హెడ్ నర్సు గుమ్మంలో నిలబడి చూసింది. మర్నాడు ముసలావిడ మళ్ళీ వదిననే అడిగింది. ఆ మర్నాడూ అంతే. వారం తిరక్కుండా వదినను నాలుగో అంతస్తుకు మార్చారు.

కింద హాల్లో ఫోటో పెట్టారు. మధ్యలో చేతులు చాపిన మాస్టారు, ఓ మూల సగం తెగిన మా వదిన. "నాటకంతో ఇంగ్లీషు: మా విజయం" అని కింద రాసుంది.

ఆ రోజు మాస్టారు లిఫ్టెక్కి నా భుజం తట్టాడు.

"చూశావా? నాటకంలో లేని ప్రశ్నకు కూడా టకీమని జవాబు చెప్పిందంటే, ఆ ట్రైనింగు ఎవరిదంటావ్?"

"ఏ ఫ్లోరండీ?" అన్నాను.