పైవాడు దిగిన రోజు

ఆ సైటులో అందరూ అతన్ని పైవాడు అనేవారు. టవర్ క్రేను ఆపరేటరు మరి. పొద్దున్నే ఇనుప నిచ్చెన ఎక్కి గాజు క్యాబిన్‌లో కూర్చున్నాడంటే మధ్యాహ్నం భోజనానికి తప్ప దిగడు. కింద ఎవరికి ఇనుము కావాలన్నా, సిమెంటు కావాలన్నా అతని చెయ్యి కదలాల్సిందే. “పైవాడు కరుణిస్తే ఇవాళ గోడ లేస్తుంది” అని మేస్త్రీలు నవ్వుకుంటుంటే, అతను వాకీటాకీలో విని, టీ వేడిగా పంపితే కరుణిస్తానని జవాబిచ్చేవాడు.

పైనుంచి అతనికి ఊరు ఊరంతా కనిపించేది. తాను దించే బరువు ఎక్కడ ఆనుతోందో మాత్రం చాలాసార్లు కనిపించేది కాదు. గోడల వెనక, గుంతల లోపల దించాల్సి వచ్చినప్పుడు కింద నిలబడి దారి చెప్పే సిగ్నల్ మనిషి మాటే అతనికి చూపు. ఆ సిగ్నల్ మనిషి సొంత బావమరిది. అక్క పెళ్లినాటికి బడికి వెళ్లే పిల్లాడు. బావ వెంట తిరిగి పని నేర్చుకున్నాడు. ఇప్పుడు గుబురు మీసాలున్నా అందరికీ ఇంకా చిన్నోడే. కాంట్రాక్టర్లకు కూడా అలవాటైపోయింది, ఒకరికి కబురు పెడితే ఇద్దరూ వస్తారని.

జీతం బాగానే ఉండేది. చిక్కల్లా బిల్డింగు పూర్తయ్యాకే. క్రేనును ముక్కలు ముక్కలుగా విప్పి లారీలకు ఎక్కించినట్టే వీళ్ల సంసారమూ మూటలు కట్టుకునేది. కొత్త ఊరు, కొత్త ఇల్లు, కొత్త బడి. ఒక బిల్డింగుకీ ఇంకో బిల్డింగుకీ మధ్య నెలల తరబడి ఖాళీ. పోయినసారైతే కబురు కోసం ఎదురుచూస్తూ వానాకాలమంతా కిటికీ దగ్గరే కూర్చున్నాడు. అతని భార్య బట్టలు కుట్టేది. చేతి పని బాగుందని నలుగురూ రావడం మొదలుపెట్టేసరికి మిషను లారీ ఎక్కేది. ఆమె దాని గురించి ఒక్క మాటా అనేది కాదు. ఏమన్నా అడిగితే “మీ ఇష్టం” అనేది. ఆ రెండు మాటల్లో తన ఇష్టం ఏ మూలా లేదన్న సంగతి అతనికి తెలిసేటట్టు అనేది.

ఒకరోజు సాయంత్రం కూతురు చదువుకుంటుంటే పక్కన కూర్చుని, బడిలో ఎవరితో స్నేహమైందని అడిగాడు. ఎవరితోనూ కాలేదంది. పక్కన కూర్చునే అమ్మాయి పేరేమిటన్నాడు. తెలియదంది.

“అదేంటి, పేరైనా కనుక్కోలేదా?”

పిల్ల పుస్తకంలోంచి తలెత్తకుండానే అడిగింది. “ఈ బిల్డింగు ఎన్ని అంతస్తులు నాన్నా?”

అతనికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇక అక్కడ కూర్చోలేకపోయాడు. వీధిలోకి వచ్చి చాలాసేపు ఊరికే నిలబడ్డాడు. నాన్న పని ఎంత ఎత్తుంటే తనకు ఈ ఊళ్లో అంతకాలం. పిల్ల అలా లెక్క కట్టుకుంటోందన్నమాట.

ఊరి నీళ్ల బోర్డులో పంపుహౌసు ఆపరేటర్లను తీసుకుంటున్నారని అంతకుముందే ఒక ఎలక్ట్రీషియన్ చెవిన వేశాడు. మర్నాడే వెళ్లి దరఖాస్తు పెట్టాడు. యంత్రాలతో అలవాటున్నవాడు కాబట్టి పరీక్షా ఇంటర్వ్యూ గండం లేకుండా గడిచాయి. పర్మనెంటు ఉద్యోగం. రిటైరయ్యేదాకా ఊరు కదలక్కర్లేదు. జీతం మాత్రం ఇప్పుడొచ్చేదాంట్లో ఇంచుమించు సగం. శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూసేలోపు వచ్చి సంతకం చెయ్యాలి, లేకపోతే తరవాతివాణ్ని పిలుస్తామన్నారు.

భార్యకు చెప్పాడు. ఆమె చేతిలో బట్ట అలాగే పట్టుకుని, తమ్ముడి సంగతేమిటని అడిగింది. అసలు చిక్కు అదే. కొత్త ఆపరేటరు వస్తే తన సిగ్నల్ మనిషిని తానే తెచ్చుకుంటాడు. చిన్నోడు రోడ్డున పడతాడు.

“వాడికి మీరు చెప్తారా, నేను చెప్పనా?”

“నేనే చెప్తాను” అన్నాడతను. రోజూ భోజనాల దగ్గర పక్కపక్కనే కూర్చున్నారు. రోజూ ఏదో ఒకటి మొదలుపెట్టి నీళ్లు నమిలాడు. అలా శుక్రవారం వచ్చేసింది.

ఆ రోజు భోజనాల దగ్గరా చెప్పలేక, సాయంత్రం దిగగానే చెప్పేయాలనుకుని మళ్లీ క్రేనెక్కాడు. కానీ ఈలోపే నీళ్ల బోర్డువాళ్లు, ఇతని అనుభవం నిజమేనా అని సైటు ఆఫీసుకు ఫోను చేశారు. ఫోనెత్తిన గుమస్తా స్టోర్‌కీపరుకు చెప్పాడు. స్టోర్‌కీపరుకు చెప్పాక ఇక మైకు అక్కర్లేదు. టీ వేళకల్లా సైటులో తెలియనివాళ్లు లేరు. పైన ఉన్నవాడికి మాత్రం కింద ఏం జరిగిందో తెలియదు. అతనికి తెలిసిందల్లా వాకీటాకీలో గొంతు మారడం.

“హుక్కు దించండి, ఆపరేటర్ గారూ.”

ఇన్నేళ్లలో చిన్నోడు అతన్ని ఒక్కసారి కూడా అలా పిలవలేదు. పనిలోనైనా, పోట్లాటలోనైనా బావే. అతని చెయ్యి లీవరు మీద ఒక్క క్షణం ఆగిపోయింది. విషయం అర్థమైపోయింది. మిగతా వాళ్లంతా వింటున్న వాకీటాకీలో సంజాయిషీ ఏమని చెప్పుకుంటాడు? హుక్కు దించాడు.

ఆ పూట పని, ముందే పోత పోసిన గోడ పలకల్ని బిల్డింగు నడిమధ్య లిఫ్టు గుంతలోకి దించడం. ఒక్కో పలక చిన్న గది గోడంత ఉంటుంది. గుంత లోపల పరంజా మీద ఇద్దరు మేస్త్రీలు నిలబడి పలకను అందుకుంటారు. పలక గుంత అంచు దాటి లోపలికి దిగిందంటే పైనుంచి ఏమీ కనిపించదు. చివరి పలక మిగిలేసరికి పడమట ఆకాశం నల్లబడింది. గాలి మీటరు ఇంకా హద్దులోనే ఉంది. ఇదొక్కటీ దించేస్తే గోడ అయిపోతుందని సైటు ఇంజనీరు తొందరపెట్టాడు.

అతను చిన్నోణ్ని అడిగాడు, ఏమంటావని.

“మీరెలా అంటే అలా.”

మామూలుగా అయితే చిన్నోడు గాలి గురించి, తాళ్ల గురించి, మేస్త్రీల బద్ధకం గురించి ఏకరువు పెట్టేవాడు. ఈ ముక్తసరి మాట అతనికి నచ్చలేదు. బావమరిది పని చెడగొడతాడని కాదు. కోపంతో రగులుతున్న మనిషి కన్ను రెప్పపాటు ఆలస్యంగా చూస్తుంది, గుంతలో ఉన్నవాళ్లకు ఆ రెప్పపాటు చాలు. ఆపేస్తానంటే ఆపేయొచ్చు. కానీ ఆపితే, చిన్నోడి మాట మీద తనకు నమ్మకం లేదని సైటంతటికీ చాటినట్టవుతుంది. పలక తిరక్కుండా కిందనుంచి పట్టే తాళ్లు అందుకున్నారా అని అడిగాడు. పట్టుకున్నారని జవాబొచ్చింది. పలకను లేపాడు.

పలక గుంత మీదికి వచ్చింది. అంచు దాటింది. కనుమరుగైంది.

“కిందికి. నెమ్మది. కిందికి. ఇంకా కిందికి.”

గొంతు ఆగిపోయింది.

గొంతు ఆగితే చెయ్యి ఆగాలి. అది వాళ్ల పనిలో మొదటి పాఠం. ఆపాడు. సరిగ్గా అప్పుడే గాలి విసురుగా వచ్చి కొట్టింది. క్యాబిన్ పక్కకు ఒరిగి మళ్లీ వచ్చింది. గాలి మీటరు కీచుమని అరవడం మొదలుపెట్టింది. ముందుకు చాచిన క్రేను పొడవాటి చెయ్యి, బూమ్, ఊగుతోంది, దాని కొసన ఇనప తాడు గుంతలోకి దిగి బిగుసుకుని ఉంది. ఆ తాడు చివర పలక ఎటు తిరిగిందో, ఎవరి మీదికి వాలిందో తెలియదు.

“చిన్నోడా” అని పిలిచాడు. బదులు లేదు. మళ్లీ పిలిచాడు. లేదు.

అలిగి వాకీటాకీ పడేసి వెళ్లిపోయాడా? ఆ ఆలోచన వచ్చినందుకే అతనికి తన మీద తనకు అసహ్యమేసింది. అయినా ఆలోచన పోలేదు. ఇంతలో ఇంజనీరు గొంతు వచ్చింది. గాలి ముదురుతోంది, పలకను వెంటనే పైకి లాగెయ్యమన్నాడు. చూడ్డానికి అదే సబబుగా ఉంది. గాలికి ఊగే బరువును గుంతలో ఉంచడం ఏ రకంగానూ మంచిది కాదు. అతని చెయ్యి లీవరు మీదికి వెళ్లింది కూడా. లాగితే ఏమవుతుంది? లాగకపోతే ఏమవుతుంది?

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “నా సిగ్నల్ మనిషి చెప్పందే కదపను సార్” అన్నాడు.

ఇంజనీరు ఏదో అంటున్నాడు. అతను వినడం మానేశాడు. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు. గాలి ఇంకోసారి కొట్టింది.

అప్పుడు వినిపించింది, రొప్పుతూ. “బావా, కదపకు. పలక పట్టుతాడు పరంజాకు చుట్టుకుంది. మేస్త్రీ లోపల ఇరుక్కున్నాడు. నువ్వు లేపితే పరంజా మొత్తం వచ్చేస్తుంది. కదపకు బావా.”

“కదపడం లేదు. నువ్వు చూసుకో.”

పలక తిరగడం చూసి చిన్నోడు వాకీటాకీని నడుముకు తగిలించుకుని గుంతలోకి దిగాడు. చుట్టుకున్న తాడును చేతులతో పట్టి లాగుతుంటే మాట్లాడే వీలెక్కడుంది? ఇంకో మేస్త్రీ గునపంతో పరంజాను ఎత్తిపట్టాడు. తాడు వదులైంది. మనిషి బయటికొచ్చాడు. ఆ తరవాత మళ్లీ ఆ గొంతు, ఎప్పటిలా, ఆగకుండా: కొంచెం పైకి, వెంట్రుకవాసి, ఆపు, ఎడమకు, ఇప్పుడు కిందికి, కిందికి, ఆనింది, వదులు.

గాలికి క్రేను తనంతట తాను తిరిగేలా బ్రేకు వదిలేసి అతను నిచ్చెన దిగాడు. చెక్కల దొంతి మీద చిన్నోడు కూర్చుని ఉన్నాడు. తాడు ఒరుసుకుని అరచేతులు రెండూ దోక్కుపోయాయి. అతను పక్కన కూర్చున్నాడు.

“స్టోర్‌కీపర్ చెప్తే వినాలా బావా నేను?”

“చెప్దామనే అనుకున్నాను. నిన్ను రోడ్డు మీద వదిలేసి పోతున్నానని ఏ నోటితో చెప్పను?”

“పనిపోతే ఇంకోటి చూసుకుంటా. రోజూ పక్కన కూర్చుని తింటూ చెప్పలేదు చూడు, అదే నాకు...” అని వాడు మాట మింగేశాడు.

అతను సమర్థించుకోలేదు. కూతురు ఎన్ని అంతస్తులని అడిగిన సంగతి మాత్రం చెప్పాడు. చిన్నోడు మేనకోడల్ని భుజాన వేసుకుని పెంచినవాడు. తల వంచుకుని అరచేతుల్లో దిగిన తాడు పీచు ఏరుకోసాగాడు.

అంతలో ఇంజనీరు వచ్చాడు. అరుస్తాడనుకున్నారు. కానీ జరిగింది మేస్త్రీల నోట విన్నట్టున్నాడు. అతని భుజం మీద చెయ్యి వేసి, వెళ్లొద్దన్నాడు. పై ఊళ్లో రెండు పెద్ద టవర్లు మొదలవుతున్నాయి. జీతం ఇప్పటికన్నా బాగా పెంచుతాం, మీ బావమరిదిని కూడా మీతోనే ఉంచుతాం, మాటిస్తున్నానన్నాడు.

ఇంతసేపూ గుండెను పిండుతున్న బరువు ఒక్కమాటతో దిగిపోవచ్చు. సరేనంటే చాలు. డబ్బుకు డబ్బు, చిన్నోడికి చిన్నోడు. బావమరిది వైపు చూశాడు. వాడు మొహం అటు తిప్పుకున్నాడు. కావాలని తిప్పుకున్నాడని అతనికి తెలిసింది.

“ఆ టవర్లయ్యాక సార్?”

“అయ్యాక ఇంకోటి వస్తుంది. మనకు పనికేం కొదవ?” అని నవ్వాడు ఇంజనీరు.

అతను నవ్వలేకపోయాడు. చివరికి చిన్నోడే అన్నాడు. “ఆఫీసు మూసేస్తారు. వెళ్లు.” అటు చూస్తూనే, “వెళ్లమన్నాను కదా అని కోపం పోయిందనుకోకు” అన్నాడు.

బండి నడిపే నిబ్బరం లేక ఎక్కిన బస్సులో రెండుసార్లు దిగిపోదామని లేచాడు. రెండోసారి కండక్టరు, కూర్చుంటావా దిగుతావా అని కసిరాడు. నీళ్ల బోర్డు ఆఫీసులో ఫ్యాన్లు ఆపేసి, కుర్చీలు లోపల పెడుతున్నారు. గుమస్తా విసుక్కుంటూనే కాగితం తీశాడు. పెట్టాక అతని సంతకం అతనికే కొత్తగా కనిపించింది.

తరవాత అంతా సుఖంగా ఏమీ సాగలేదు. ఇల్లు మారి చిన్న వాటాలోకి వచ్చారు. బండి అమ్మేశారు. పంపుహౌసు సగం నేలలోపల ఉంటుంది. రోజంతా మోటార్ల హోరు, తేమ, ట్యూబులైటు వెలుతురు. మొదట్లో తనను బతికుండగానే పాతిపెట్టినట్టు ఉండేదతనికి. అతను రానన్నాక, టవర్ల దగ్గర చిన్నోణ్ని ఉంచుతానన్న ఇంజనీరు మాటా చెల్లలేదు. కొత్త ఆపరేటరు సొంత మనిషిని తెచ్చుకున్నాడు, చిన్నోడు అక్కడ చాన్నాళ్లు బరువులకు తాళ్లు కట్టే కూలీగా చేశాడు. వాడు ఫోను చేసినప్పుడల్లా అక్క మాట్లాడి పెట్టేసి, చాలాసేపు మిషను తొక్కేది కాదు. ఆ మౌనం అతనికి తిట్లకన్నా గట్టిగా తగిలేది. పనులు ముమ్మరమయ్యాయి, ఆపరేటర్ల జీతాలు ఇంకా పెరిగాయి. పాత కాంట్రాక్టరు ఒకసారి ఫోను చేసి రమ్మన్నాడు. రానని చెప్పిన ఆ సాయంత్రం అతను తువ్వాలు కనిపించలేదని ఇల్లంతా ఎగిరాడు.

ఆ ఏడాది చివర్లో కూతురు ఒక స్నేహితురాలితో పోట్లాడి, అన్నం మానేసి ఏడ్చింది. అది నాతో మాట్లాడకపోతే నేను బడికే వెళ్లనంది. తల్లి లోపలి గదిలోకి వచ్చి, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అతనూ నవ్వాడు. పోట్లాడుకునేంత దగ్గరివాళ్లు పిల్లకు ఇంతకుముందు ఎవరున్నారు?

రెండేళ్లకు చిన్నోడు ఆపరేటరు పరీక్ష పాసయ్యాడు. క్రేనెక్కిన కొన్నాళ్లకు అక్కను చూడ్డానికి వచ్చాడు. అక్క వంటింట్లో ఉండగా బావ ఎదురుగా కూర్చుని, కాస్త దెప్పుతూనే అన్నాడు. “నా జీతం ఇప్పుడు నీదానికి రెట్టింపు బావా.”

“తెలుసు.”

“ఏమీ అనిపించదా?”

“అనిపించకేం. జీతం వచ్చిన రోజు మరీ అనిపిస్తుంది.”

చిన్నోడు పకపకా నవ్వాడు. నవ్వు ఆగాక గొంతు తగ్గించి, వంటింటి వైపు ఒకసారి చూసి అడిగాడు, పైన ఒక్కణ్నే ఉన్నప్పుడు, కింద మనుషులున్నారని గుర్తొచ్చి చేతులు బిగుసుకుపోతున్నాయి, ఏం చెయ్యాలని. ఎవరికీ చెప్పలేదట, నామోషీ అట.

తనకూ ఎప్పుడూ అలాగే ఉండేదన్నాడు అతను. చిన్నోడు నమ్మలేనట్టు చూశాడు. అతను కుర్చీ ముందుకు లాక్కుని, ఊపిరి ఎలా తీసుకోవాలో, లీవరు ఎప్పుడు వదలాలో ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు.