విప్పడానికి వీలవుతుందా?

దర్జీ ఆవిడ మనిషిని చూసి, టేపు పెట్టకుండానే నడుము కొలత చెప్పేయగలదు. యాభై రెండేళ్లకి ఆ ఒళ్లే ఆవిడ మాట వినడం మానేసింది. దగ్గినా, వంగినా మూత్రం జారి లోపలి బట్ట తడిసిపోతోంది. కిందటి నెల ఒకాయన కోటు అంచు కొలవడానికి మోకాళ్ల మీద కూర్చుని, ఆయన వెళ్లిపోయేదాకా నేల మీద గుండీ వెతుకుతున్నట్టు నటించింది. తల కొట్టేసినట్టయింది. ఇలాగే సాగితే కొట్టు మూసుకోవలసిందే.

అన్న భార్య, అంటే వదిన, రెండేళ్ల కిందటే దీనికి ఆపరేషన్ చేయించుకుంది. అప్పట్నుంచి దర్జీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. "ఒక్క పూట పని. లోపల చిన్న పట్టీ వేస్తారు, అంతే. నన్ను చూడు!" వదిన ఏదైనా కొన్నదంటే చుట్టాలందరూ కొనాలి, మిక్సీ అయినా సరే, ఆపరేషన్ అయినా సరే.

వదినే వెంటపెట్టుకుని ఆస్పత్రికి తీసుకొచ్చింది. నర్సు గదిలో బల్ల మీద ఆపరేషన్ ఒప్పుదల కాగితం, పెన్ను ఉన్నాయి. దర్జీ కూర్చోగానే పెన్ను అందుకుంది. నర్సు కాగితాన్ని తన వైపు లాక్కుంది.

"ముందు వినండమ్మా. సంతకం ఎక్కడికీ పోదు. ఈరోజే పెట్టాలని కూడా లేదు."

చెప్పడం మొదలుపెట్టింది. లోపలి కండరాలకి వ్యాయామం ఉంది, నేర్పేవాళ్లున్నారు, మూడు నెలలు మానకుండా చేయాలి. లోపల పెట్టుకునే రింగు ఉంది. ఆపరేషనే కావాలంటే మన ఒంట్లోంచి తీసిన పొరతో మూత్రనాళం కింద ఆసరా కుట్టొచ్చు, కానీ కోత పెద్దది. లేదా ప్లాస్టిక్ దారంతో అల్లిన పట్టీ వేయొచ్చు. ఏదీ వద్దన్నా ఎవరూ ఏమీ అనరు. దర్జీ గంగిరెద్దులా తలూపుతూ పోయింది.

"ఇప్పుడు నేను చెప్పింది మీ మాటల్లో చెప్పండి," అంది నర్సు.

దర్జీ తన పని భాషలోకి దిగింది. "నేనేది కుట్టినా లోపల రెండు వేళ్ల గుడ్డ వదులుతానండీ. రేపు మనిషి ఒళ్లు చేస్తే కుట్టు విప్పి వదులు చేయాలి కదా. ఈ పట్టీ విప్పడానికి వీలవుతుందా?"

"అంత సులువు కాదమ్మా. కండ దాన్ని పట్టేస్తుంది. తీయాల్సొస్తే పెద్ద ఆపరేషన్, మొత్తం రాకపోవచ్చు కూడా. చాలామందికి హాయిగానే ఉంటుంది. కొందరికి నొప్పి మొదలవుతుంది. ఎవరికొస్తుందో ముందే చెప్పలేం."

వెనకనుంచి వదిన గొంతు వినబడింది. "ఆ నొప్పి ఎక్కడొస్తుందండీ?"

"గజ్జల్లో, తొడ లోపలి వైపు. కొందరు ఎక్కువసేపు కూర్చోలేరు."

దర్జీ వెనక్కి తిరిగింది. పక్కన కుర్చీ ఖాళీగా ఉన్నా వదిన వచ్చినప్పట్నుంచీ నిలబడే ఉంది. కిందటేడు కారు సీటుకని మెత్తటి దిండు కుట్టించుకుంది. నెల తిరక్కుండా ఇంకోటి, దూది ఎక్కువ కూరి. రెండూ కుట్టింది తనే. ఎందుకని ఒక్కసారైనా అడగలేదు.

"రెండేళ్లా, వదినా?"

"వయసనుకున్నాను. నాకీ మాటలేవీ ఎవరూ చెప్పలేదు. పెన్ను ఒక్కటే ఇచ్చారు."

"మరి నన్నెందుకు ఇంత పోరావు?" దర్జీకి కోపం ముంచుకొచ్చింది.

వదిన ఖాళీ కుర్చీ అంచు పట్టుకుంది. "నువ్వు కూడా చేయించుకుని బాగుంటే, నా నొప్పి ఉత్త భ్రమేనని సరిపెట్టుకుందామని."

దర్జీకి తిట్టాలనీ ఉంది, ఏడవాలనీ ఉంది. రెండూ చేయలేదు. పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"నాకు ముందు వ్యాయామం నేర్పించండి. మూడు నెలలు చూసి, కుదరకపోతే అప్పుడు ఆపరేషన్ సంగతి నేనే అడుగుతాను," అంది నర్సుతో. "ఈరోజు మా వదిన మాట వినండి."

భుజమ్మీది శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, ఖాళీ కుర్చీలో వేసింది. వదిన మెల్లగా కూర్చుంది.