అవతలి ఒడ్డు పరీక్షకుడు

నదికి ఇటువైపున్న విశ్వవిద్యాలయం తనను తాను ‘పెద్దది’ అని చెప్పుకుంటుంది. అటువైపున్నది ‘పాతది’ అని చెప్పుకుంటుంది. నిజానికి పెద్దదానికంటే పాతది నాలుగెకరాలు పెద్దది. పాతదానికంటే పెద్దది పదకొండేళ్ళు పాతది. ఈ సంగతి రెండు ఒడ్లలోనూ అందరికీ తెలుసు కానీ ఎవరూ పైకి అనరు. అంటే పేర్లు మార్చుకోవాలి, పేర్లు మార్చుకోవాలంటే ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చోవాలి, కూర్చోవాలంటే ముందు ఎవరు కూర్చోవాలో తేలాలి. అది ఇప్పట్లో తేలేది కాదు.

ఈ పగ ఎలా మొదలైందని అడిగితే రెండు చోట్లా చరిత్ర శాఖవాళ్ళు నీళ్ళు నములుతారు. ఎప్పుడో ఒక అధ్యాపకుడు ఇటునుంచి అటు ఉద్యోగం మారుతూ ఇక్కడి సూక్ష్మదర్శినిని పట్టుకుపోయాడని వీళ్ళంటారు. అది ఆయన సొంతమేనని, దాని పెట్టెను వీళ్ళు ఇంకా తిరిగి ఇవ్వలేదని వాళ్ళంటారు. పెట్టె ఇక్కడ గాజు బీరువాలో ఖాళీగా ఉంది. సూక్ష్మదర్శిని అక్కడ గాజు బీరువాలో పెట్టె లేకుండా ఉంది. ప్రతి ఏడూ కొత్తగా చేరిన విద్యార్థులను వరుసలో నిలబెట్టి వాటిని చూపిస్తారు. చదువు అక్కణ్ణుంచే మొదలవుతుంది మరి.

ఇంత పగలోనూ రెండు ఒడ్ల మధ్య ఉత్తరాలు మాత్రం ఆగలేదు. కాకపోతే ఎవరూ ముందుగా రాయకూడదు. ముందుగా రాసినవాడు చేయి చాచినట్టు లెక్క. అందుకని వెళ్ళే ప్రతి ఉత్తరమూ జవాబే. ‘తమరు ఫలానా తేదీన రాసిన లేఖ అందింది’ అని మొదలవుతుంది, ఆ తేదీన ఎవరూ ఏమీ రాసి ఉండరు. అవతలివాళ్ళు దాన్ని చదువుకుని, ‘అట్టి లేఖ మేము రాయలేదు, అయినను తమరు రాసిన లేఖకు జవాబుగా’ అని అందుకుంటారు. అలా ఎవరూ రాయని ఉత్తరాలకు వచ్చిన జవాబులతో ఈ ఒడ్డున మూడు బీరువాలు, ఆ ఒడ్డున నాలుగు బీరువాలు నిండిపోయాయి.

ఈ ఒడ్డు బీరువాల తాళాలు పిన్ని దగ్గర ఉంటాయి. పరీక్షల విభాగంలో ఆమె ఇరవై రెండేళ్ళుగా గుమాస్తా. ఆఫీసంతా ఆమెను పిన్ని అనే పిలుస్తుంది కానీ, ఆమె నిజంగా పిన్ని అయింది ఒక్కరికే, అక్క కూతురికి. అక్క పోయినప్పుడు ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు. చేయి పట్టుకుని ఇంటికి తెచ్చుకుంది, ఆ చేయి మళ్ళీ వదల్లేదు.

అవతలి ఒడ్డున ఇదే పని చేసే పెద్దమనిషిని పిన్ని అన్నయ్య అంటుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన మొహం చూడలేదు. రోజూ పదకొండింటికి ఫోన్లో మాట్లాడుకుంటారు. పై అధికారులకు పౌరుషం ఉన్నంతగా భాష లేదు, కోపమొస్తే వాక్యం సగంలో ఆగిపోతుంది. అందుకని ఈ ఒడ్డు తిట్లూ ఆ ఒడ్డు తిట్లూ వీళ్ళిద్దరే కూడబలుక్కుని రాస్తుంటారు.

“మొన్న మీరు మమ్మల్ని అజ్ఞానులన్నారు కదా చెల్లెమ్మా, ఇవాళ మేము మిమ్మల్ని అర్ధజ్ఞానులంటే సరిపోతుందా?”

“అది పొగిడినట్టుంది అన్నయ్యా. ఇంకాస్త కారం దట్టించండి.”

అలా నవ్వుకుంటూ గడిపేసిన వ్యవహారం ఈ ఏడాది వచ్చి పిన్ని మెడకే చుట్టుకుంది. అక్క కూతురు ఏడేళ్ళు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, రెండు ఒడ్లకీ మధ్యనున్న ఆ నదిలోని నత్తల మీద థీసిస్ రాసింది. ఇంట్లో వంటింటి అలమర నుంచి స్నానాలగది కిటికీ దాకా చీటీలు అంటించిన సీసాలే. నాలుగు వందల పన్నెండు పేజీలు తయారయ్యాయి. అది చూసి ఒక నదుల పరిశోధన కేంద్రం వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. ఈ నెల ముప్పయ్యో తేదీకల్లా పట్టా చూపించాలి, లేకపోతే జాబితాలో తరువాతి పేరుకు వెళ్ళిపోతుంది. నత్తలు తెలిసినవాళ్ళకు ఇలాంటి ఉద్యోగం మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అప్పటికి తేదీ రెండు.

థీసిస్ చదవడానికి బయటినుంచి ఒక పరీక్షకుడు కావాలి, ఆయన ‘మనతో సమాన స్థాయి గల సంస్థ’ నుంచి రావాలి అన్నది నిబంధన. అట్టి సంస్థ భూమండలం మీద లేదని పాలకమండలి ఎనభై ఏళ్ళ కిందటే తీర్మానం చేసి ఉంది. ఇంతకాలం ఒక పదవీ విరమణ చేసిన పెద్దాయనతో నెట్టుకొచ్చారు. ఆయన ఏ సంస్థకూ చెందనివాడు కాబట్టి సమానమా కాదా అన్న గొడవే లేదు. ఛందస్సు నుంచి సిమెంటు దాకా ముప్పై ఏళ్ళపాటు ప్రతి థీసిస్‌నూ ఆయనే పరీక్షించి, ఒక్కదాన్నీ చదవకుండా అన్నీ బాగున్నాయని రాసి, మొన్న చలికాలంలో కాలం చేశాడు.

ఆ నది నత్తల గురించి తెలిసినవాడు ఇప్పుడు ఒక్కడే ఉన్నాడు. అవతలి ఒడ్డు ప్రొఫెసరు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే పని.

పిన్ని ఫైలు పట్టుకుని రిజిస్ట్రారు గదికి వెళ్ళింది. ఆయనను ఆఫీసులో చాటుగా ‘ససేమిరా’ అంటారు, దేనికైనా ముందు ఆ మాటే అంటాడు కాబట్టి.

“అవతలివాళ్ళకి మనం రాయడమా? ససేమిరా.”

“మనం రాయట్లేదండీ. వాళ్ళే రాశారు. మనం జవాబిస్తున్నాం.”

“ఏమని రాశారు?”

“ఈ ఒక్కసారికి మనతో సమానంగా లెక్కించి, తమ ప్రొఫెసరుకి మన థీసిస్ చదివే భాగ్యం కలిగించమని బతిమాలుతూ రాశారండీ.”

రిజిస్ట్రారు మొహం వికసించింది. “ఏదీ ఆ ఉత్తరం?”

“జవాబు వెళ్ళాక వస్తుందండీ.”

ఆయనకీ ఈ పద్ధతి కొత్త కాదు. సంతకం పెట్టేశాడు. మూడో రోజున అవతలినుంచి, ‘తమరు మా కాళ్ళావేళ్ళా పడినందున దయతలచి అంగీకరించడమైనది’ అని జవాబు వచ్చింది. రెండు ఉత్తరాలూ పిన్ని, అన్నయ్య కలిసి రాసినవే. రెండు ఒడ్లలోనూ తామే గెలిచామని చెప్పుకున్నారు. ఆరో తేదీన థీసిస్ వంతెన దాటింది.

పదిహేడున పదకొండింటికి అన్నయ్య గొంతు తగ్గించి మాట్లాడాడు. “చెల్లెమ్మా, నివేదిక రాసిచ్చారు. వినండి. ‘నా ఉద్యోగ జీవితంలో ఇంత ఓపికతో, ఇంత నిజాయితీతో చేసిన పని చూడలేదు. ఒక్క మార్పు కూడా అడగకుండా పట్టా ఇవ్వాలి.’”

పిన్ని చేతిలోని కలం కింద పెట్టేసింది. “కొంప ముంచారు కదా అన్నయ్యా.”

“నాకూ అదే అనిపించింది. అందుకే కవరు అంటించలేదు.”

ఆ భయానికి కారణం ఉంది. కొన్నేళ్ళ కిందట అవతలివాళ్ళు పొరపాటున ఈ ఒడ్డు పూలతోటను మెచ్చుకున్నారు. వాళ్ళు మెచ్చుకున్నారంటే అందులో ఏదో లోపం ఉండే ఉంటుందని పాలకమండలి అత్యవసరంగా సమావేశమై, వారంలో సగం తోట పీకించింది. తోటకే ఆ గతి పడితే నత్తల పిల్ల ఎంత? ఇరవై మూడున మండలి కూర్చుంటుంది. ఈ పొగడ్త చదివారంటే థీసిస్ ఏడాదిపాటు విచారణ సంఘం కింద పడి ఉంటుంది.

“ఆయన్ని తిట్టమనండి అన్నయ్యా. నాలుగు వాక్యాలు చాలు. ‘చెత్త’ అని వస్తే మావాళ్ళకి రోషం పొడుచుకొచ్చి చేతులెత్తి పట్టా ఇచ్చేస్తారు.”

మర్నాడు అన్నయ్య చెప్పాడు. “అడిగాను చెల్లెమ్మా. సంగతంతా విప్పి చెప్పాను. ఆ అమ్మాయి పని తప్పని నేను అబద్ధం రాయను అన్నారు. అరగంట కిటికీలోంచి నది వైపు చూస్తూ కూర్చున్నారు. తరవాత, ఎల్లుండి రండి అన్నారు.”

పిన్నికి ఒళ్ళు మండింది. నిజాయితీపరులతో వచ్చే చిక్కే ఇది అనుకుంది, నిజాయితీ వాళ్ళది, బరువు మోసేది పక్కవాళ్ళు. సాయంత్రం ఇంటికి వెళితే ఆ పిల్ల సీసాలు తుడుస్తూ, “నివేదిక వచ్చిందా పిన్నీ?” అంది. “వస్తుందిలే తల్లీ, నీ నత్తలకన్నా నెమ్మది మా ఆఫీసు” అని నవ్వేసి, లోపలికి వెళ్ళి అన్నం కూడా సరిగ్గా తినలేకపోయింది.

ఇరవై ఒకటిన కవరు వచ్చింది. పిన్ని విప్పింది.

‘ఈ థీసిస్, నది నత్తల మీద నా ముప్పై ఒక్క ఏళ్ళ పరిశోధన ఆసాంతం తప్పని నిరూపిస్తున్నది. నేనూ, నా విశ్వవిద్యాలయమూ ఇంతకాలం నమ్మినదంతా నీటిపాలైంది. ఇది వెలుగు చూడకపోవడమే మాకు క్షేమం.’

పిన్ని ఎగిరి గంతేయలేదు కానీ, ఆ వయసులో కుదిరితే వేసేదే.

పాలకమండలిలో ఆ నివేదికను మూడుసార్లు చదివించుకున్నారు. నత్తకు కళ్ళుంటాయో లేదో తెలియని భౌతికశాస్త్ర శాఖ పెద్ద ఆనందంతో కళ్ళు తుడుచుకున్నాడు. పట్టాతో పాటు బంగారు పతకం కూడా ఇవ్వాలని రిజిస్ట్రారే ప్రతిపాదించాడు, ఒక్కసారి కూడా ససేమిరా అనకుండా. నివేదికను పత్రికలవాళ్ళకు ఇచ్చారు. ‘పాతది పాతబడింది’ అని మర్నాడు అచ్చయింది. ఇంత సంబరంలోనూ నాలుగు వందల పన్నెండు పేజీల పుస్తకం బల్లమీద బోర్లా పడి ఉంది, దాని మీద ఎవరో కాఫీ కప్పు పెట్టారు. విప్పి చూసిన పాపాన ఎవరూ పోలేదు.

ఇరవై ఆరున పట్టా తయారైంది. అదే రోజు పదకొండింటికి అన్నయ్య గొంతులో వేళాకోళం లేదు.

“ఆయన ప్రయోగశాలకి తాళం వేశారు చెల్లెమ్మా. విశ్వవిద్యాలయం పరువు తీశారని. ముప్పై ఏళ్ళు ఏరిన గుల్లలన్నీ మూటకట్టి గోదాములో పడేశారు. గొడుగు తెచ్చుకుంటానంటే అది కూడా లోపలికి పోనివ్వలేదు.”

“అయ్యో” అంది పిన్ని. తరువాత తనకు తానే సర్దిచెప్పుకుంది. తప్పని తేలింది కాబట్టే ఒప్పుకున్నాడు. పెద్దమనిషి, ఒప్పుకోవడం కూడా గొప్పే. ఎవరో ఒకరి లెక్క తప్పితేనే కదా ఇంకొకరి లెక్క నెగ్గేది.

పట్టానూ, నివేదిక నకలునూ సంచిలో పెట్టుకుని ఆ సాయంత్రం పెందలాడే ఇంటికి వెళ్ళింది. ఆ పిల్ల పట్టాను రెండు చేతులా పట్టుకుని చూసింది, పిన్నిని గట్టిగా వాటేసుకుంది. వారం రోజులుగా నది ఎగువన కొత్త కొలతలు తీస్తూ ఉండిపోయి ఆ పూటే తిరిగి రావడంతో ఆమెకు పత్రికలు చూసే తీరిక లేదు. అప్పుడు నకలు తీసి చదివింది. మళ్ళీ చదివింది.

“ఇదేంటి పిన్నీ?”

“ఆయన్ని ఓడించావు కదే. ఒప్పుకుని రాశాడు.”

“నేనెక్కడ ఓడించాను? నా పనంతా ఆయన పని మీదే నిలబడింది. ఆయన లెక్కలు ఇరవై మూడు చోట్ల నీళ్ళలో దిగి సరిచూశాను. ఒక్కటి కూడా తప్పలేదు. నాలుగో అధ్యాయం మొదటి పేజీలోనే రాశాను ఆ మాట.”

పిన్నికి అన్నయ్య చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆ అమ్మాయి పని తప్పని అబద్ధం రాయనన్నాడు ప్రొఫెసరు. రాయలేదు. తన పని తప్పని రాశాడు. పాలకమండలిలో ఒక్కడైనా నాలుగో అధ్యాయం తెరిచి ఉంటే ఆ అబద్ధం అక్కడే పట్టుబడేది. ఎవరూ తెరవరని ఆయనకు తెలుసు.

“ఆయనతో ఇలా రాయించింది ఎవరు?” అంది ఆ పిల్ల.

అబద్ధానికి పిన్ని దగ్గర కొదవ లేదు, ఇరవై రెండేళ్ళుగా అదే వృత్తి. అయినా ఆ మొహం చూస్తూ ఒక్కటి కూడా నోటికి రాలేదు. “తిట్టమని అడిగించింది నేనే” అంది. అంటుంటే సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

ఆ పిల్ల కోప్పడలేదు. అన్నయ్యను అడిగి ప్రొఫెసరు నంబరు తీసుకుంది. ఏడేళ్ళుగా ఆయన రాసినవన్నీ చదివింది కానీ, అవతలి ఒడ్డుతో మాట్లాడితే చదువు పోతుందని ఎన్నడూ పలకరించలేదు. ఫోను బల్లమీద పెట్టింది, ఇద్దరికీ వినబడేలా.

“అమ్మా, పట్టా చేతికొచ్చిందా?” అన్నాడు ముసలాయన.

“వచ్చిందండీ. మీరు రాసింది నిజం కాదు సార్. నేను రేపే పత్రికకి రాస్తాను.”

“రాద్దువుగాని. ముందు ఉద్యోగంలో చేరు, కాలు నిలదొక్కుకో, అప్పుడు తీరిగ్గా రాయి. నత్తలకేం తొందర లేదు. ఇప్పుడు తొందరపడ్డావంటే పట్టా లాక్కుంటారు, అప్పుడు ఇద్దరం పోతాం.” కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. “అది సరేగానీ, నూట డెబ్భై ఆరో పేజీలో మూడో పట్టిక ఉంది చూడు. ఐదో వరుసలో గుల్ల పొడవూ వెడల్పూ తారుమారయ్యాయి. ఎవరైనా వాడుకుంటే పొరపాటు పడతారు. ముందు అది దిద్దుకో.”

ఆ పిల్ల పుస్తకం తెరిచి వేలు పెట్టి చూసింది. నిజమే, తారుమారయ్యాయి. తను నలభైసార్లు చదివిన పేజీ అది. రెండు విశ్వవిద్యాలయాలు కలిసి వంద ఏళ్ళ పరువు పణంగా పెట్టి పోట్లాడుకున్న ఆ పుస్తకాన్ని చదివిన మనిషి ఒక్కడున్నాడు, ఇప్పుడు ఆయనకు కూర్చోవడానికి గది లేదు. వేలు ఆ వరుస మీదినుంచి తీయకుండా ఆమె ఏడ్చింది.

పిన్ని లేచి, వెతికి, పెన్సిలు తెచ్చి ఆమె చేతికిచ్చింది.