మా ఇంటి చేతులు

గిన్నెలు కడుగుతుంటే వెనక నుంచి మా అత్తగారు అన్నారు, "పగలంతా పురుగుల్ని ముట్టుకుని ఆ చేతులతోనే మా కంచాలు కడుగుతావు. సబ్బు ఇంకాస్త వెయ్యి." పురుగులంటే ఆవిడ దృష్టిలో సూక్ష్మజీవులు. కాలేజీ ల్యాబులో వాటిని పెంచడమే పదిహేడేళ్ళుగా నా ఉద్యోగం. ఇన్నాళ్ళూ ఎవరెవరి ప్రయోగాలకో పెంచాను. మొదటిసారి నా కోసం పెంచుతున్నాను. ప్రాణమున్న వాటితో చేసే కళకి ప్రదర్శన పెడుతున్నారంటే ఇంట్లో చెప్పకుండా దరఖాస్తు చేశాను, వాళ్ళు ఒప్పుకున్నాకే చెప్పాను.

నేను అనుకున్నది పెద్ద సంగతేం కాదు. వెడల్పాటి గాజు పళ్ళెంలో జెల్లీలాంటి మేత పోసి, దానిమీద అరచెయ్యి అద్దాలి. మూడు రోజులు వెచ్చగా ఉంచితే చేతిమీద ఉన్నవన్నీ పెరిగి, వేళ్ళతో సహా రంగురంగుల చెయ్యి తేలుతుంది. ఇంట్లో నలుగురం, నాలుగు పళ్ళేలు. మా ఆయన హుషారు చూడాలి! "నావి రెండూ తీసుకో, ఏది బావుంటే అది పెట్టుకో" అని అయిదో పళ్ళెం కూడా అడిగి మరీ అద్దారు. అందరిదీ అయ్యాక నేను అద్దాను.

మూడు రోజుల తర్వాత చూస్తే ఆయన చేతులు రెండూ పసుపూ తెలుపూ చుక్కలతో నిండిపోయాయి. అత్తగారిది నారింజ రంగు. మా అమ్మాయిది మట్టిలో ఆడొచ్చిన చెయ్యి, వేలికో రంగు. నాది ఖాళీ. ఒక్క చుక్క లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. పళ్ళెం ముట్టుకునే ముందు చేతులకి స్పిరిట్ కొట్టుకోవడం మా పనిలో మొదటి పాఠం. "చేతులు కడుక్కోకండి" అని అందరి వెంటా పడి చెప్పినదాన్ని, నా చేతికి స్పిరిట్ కొట్టుకుని, ఆరేదాకా ఆగి మరీ అద్దాను. నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు.

మర్నాడే ప్రారంభం. మళ్ళీ పెంచే వ్యవధి లేదు. మా ప్రొఫెసర్‌గారు "ఖాళీదే పెట్టమ్మా, ఏదో గొప్ప అర్థం ఉందనుకుంటారు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. నాకు అర్థం అక్కర్లేదు, నా చెయ్యి కావాలి. ఇంట్లో చెప్తే మా ఆయన నవ్వి, "ఇంతోటి దానికి ఏడుపెందుకు? నా రెండోది ఉందిగా, పెట్టెయ్" అన్నారు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. నేనే పెట్టాను. బలవంతం చేసినా బావుండేది, వాళ్ళమీద కోపం తెచ్చుకునేదాన్ని.

ప్రదర్శనలో జనం బాగానే ఆగి చూశారు. నా వయసే ఉన్న ఒకావిడ నాలుగు పళ్ళేల మీదా వంగి వంగి చూసి, కింద రాసిన నా పేరు చదివి, "వీటిలో మీ చెయ్యి ఏదండీ?" అని అడిగింది.

లేదని చెప్పాలి. నోటిదాకా వచ్చింది కూడా. నా పళ్ళెం బదులు పెట్టిన ఆయన ఎడమచేతి అచ్చు చూపించి "ఇదేనండీ" అన్నాను.

ఆయన పక్కనే ఉన్నారు. కాదనలేదు.