ఇంట్లో ఎవరిని నమ్ముతారు?

ఫోన్లో జనాభిప్రాయం సేకరించే ఆ కంపెనీలో, మిగతావాళ్ళు చేసిన ఇంటర్వ్యూల రికార్డింగులు విని దొంగవి పట్టుకోవడం ఆవిడ పని. జవాబు మరీ సాఫీగా వచ్చినా ఇట్టే పసిగట్టేది. వెనకాల అందరూ డేగ అనేవారు. అది ఆవిడకు తెలుసు, లోలోపల ఇష్టం కూడా.

ఆ నెల చాలా దేశాల్లో ఒకేసారి ఒక సర్వే జరుగుతోంది. మనుషులకు ఎవరి మీద ఎంత నమ్మకమో అడగాలి. ప్రభుత్వం, పేపర్లు, సబ్బుల ప్రకటనలు, ఇరుగుపొరుగు, చివరికి సొంతవాళ్ళు. మిగతావాళ్ళు ఫోన్ చేస్తే జనం ముఖం మీదే పెట్టేస్తున్నారు. కొత్తగా చేరిన రిటైర్డు మాస్టారితో మాత్రం అరగంట కబుర్లాడుతున్నారు. ఆయన తన చుట్టాలతోనే మాట్లాడిస్తున్నాడని డేగ అనుమానం. మేనేజరుదీ అదే.

హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆయన రికార్డింగులు వింటూంటే ఒకచోట ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఆ గొంతు సాక్షాత్తూ తన అత్తగారిది.

ఇంట్లో ఎంతమందని మాస్టారు అడిగితే, ఒక్కదాన్నేనంది అత్తగారు. కొడుకూ, కోడలూ, మనవరాలూ ఉన్న ఇంట్లో కూర్చుని! మీవాళ్ళలో ఎవరిని పూర్తిగా నమ్ముతారని అడిగితే, "ఎవరినీ కాదు, రాసుకోండి" అంది.

డేగకు అన్నం సయించలేదు. అత్తగారు వేరే కాపురం పెట్టే ఆలోచనలో ఉందా? ఆడపడుచు ఏమైనా నూరిపోసిందా?

సాయంత్రం చెప్పులు విప్పుతూనే అడిగేసింది. అత్తగారు ఉతికిన బట్టలు మడతపెడుతోంది. తొణకలేదు, బెణకలేదు. ఇంట్లో ఎక్కువమంది ఉంటే చీటీ తీసినట్టు ఒకరినే ఎంచుకుంటామని ఆయన అన్నాడట. ఆ వంతు కొడుక్కో కోడలికో పోతుందని అలా చెప్పిందట.

"ఈ ఇంట్లో నన్నెవరు ఏమడిగారు గనక? ఆయన అడిగాడు, చెప్పాను. ఆ ఒక్కటే అబద్ధం, మిగతావన్నీ నిజాలే."

"ఎవరినీ నమ్మననడం కూడానా అత్తయ్యా?"

అత్తగారు చేతిలో తువ్వాలు మడత పూర్తిచేసి పక్కన పెట్టింది. "నీ బీరువా తాళంచెవి ఎక్కడుంది?"

అది డేగ హ్యాండ్‌బ్యాగులో ఉంది. కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆవిడతోపాటే ఆఫీసుకు వెళ్ళి వస్తోంది.

మర్నాడు మాస్టారివి అన్నీ విని, ఎందులోనూ కల్తీ లేదని మేనేజరుకు చెప్పింది. ఒక్క ఇంటర్వ్యూ మాత్రం కొట్టేయించింది, ఇంట్లో మనుషుల సంఖ్య తప్పు చెప్పారని. అవతల మాట్లాడిందెవరో చెప్పలేదు. డేగ నోట ఒకరి గురించి మంచిమాట రావడం మేనేజరుకు వింతగానే తోచింది.

ఆ తర్వాతి రోజు పొద్దున్న తాళంచెవి తీసి అత్తగారి ముందు బల్లమీద పెట్టింది.

"పరీక్షా?" అంది అత్తగారు, దాన్ని ముట్టుకోకుండా. "రేపేదైనా కనబడకపోతే నా మెడకు చుట్టుకుంటుంది. తీసుకుపో."

డేగ తీసుకోలేదు. బస్సులో మాత్రం మనసంతా బీరువా మీదే.

సాయంత్రం వచ్చి చూస్తే తాళంచెవి పెట్టినచోటే ఉంది. ఆవిడకు ముందొచ్చింది అనుమానమే. అత్తగారు తీసి, వాడి, మళ్ళీ అచ్చం అలాగే పెట్టిందేమోనని. ఆ వెంటనే తనమీద తనకే సిగ్గేసింది. తాళంచెవిని అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్ళింది.